పాటలు, నాలుగు కాపీలు

దైవాధీనం బందరులో ఒక ట్రస్టు లైబ్రరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. కొత్త పుస్తకం వస్తే ముందు లోపలి పేజీ తీసేవాడు. అట్ట మీద పేరు కుదించి వేస్తారని, అసలు పేరు లోపల ఉంటుందని అతని నమ్మకం. దాన్ని చివరి అక్షరం దాకా రిజిస్టర్లో ఎక్కించేవాడు. కొన్నిటికి మూడు వరుసలు పట్టేవి.

"పుస్తకం పేరు రాస్తున్నారా, శుభలేఖ రాస్తున్నారా మావయ్యా?" అని పక్క బల్ల దగ్గర పనిచేసే హన్నా నవ్వేది.

ఆఖరి ఏడాది కంప్యూటర్ వచ్చింది. పేరుకి ఒక గడి, దాని కింద ఉపశీర్షికకి ఇంకో గడి. రెండోది ఖాళీగా వదిలినా ఒప్పుకుంటుంది. మార్చిలోగా ఆరు వేల పుస్తకాలు ఎక్కించాలి. కళ్ళకు శుక్లాలు. రెండో గడి వదిలేయడం మొదలుపెట్టాడు. పాటల పుస్తకాలన్నిటికీ రచయిత దగ్గర 'జానపదం' అని కొట్టాడు.

మే నెలలో కంప్యూటర్ నుంచి జాబితా వచ్చింది. ఎక్కువ కాపీలున్న పుస్తకాల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేయాలి. 'పాటలు, నాలుగు కాపీలు.' పుస్తకాలు తెరవలేదు. అట్ట బాగున్నది ఉంచి, మూడింటిని పాత కాగితాల బండిలో వేయించాడు. జాబితా కింద సంతకం పెట్టాడు.

ఆగస్టులో పెడన నుంచి ఇందిర వచ్చింది. వాళ్ళమ్మ కనకమహాలక్ష్మి అద్దకం పని చేసేది. చెక్క అచ్చు మీద పడే చేతి దెబ్బే తాళంగా పాడేది. ఆ పాటలతో అప్పట్లో వచ్చిన పుస్తకం కావాలి. ఇంట్లోది చెదలు తినేశాయి.

"రేపు అమ్మ పెద్దకర్మండీ. ఒక్క పాటైనా మొత్తం పాడదామని. పల్లవి వస్తుంది, తర్వాతది గుర్తు రావట్లేదు."

వెతికితే ఒక్క 'పాటలు' దొరికింది. తెచ్చి ఇచ్చాడు.

"ఇవి నాట్ల పాటలండీ. మాది సన్న పుస్తకం."

దైవాధీనం పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. తర్వాత పాత రిజిస్టర్ దించి ఆమె ముందు తెరిచాడు. అతని చేతిరాతే. 'పాటలు: పెడన అద్దకం బల్లల దగ్గర కనకమహాలక్ష్మి పాడగా, ఏడో తరగతి చదువుతున్న ఆమె కూతురు ఇందిర రాసుకున్న ఇరవై మూడు.'

ఇందిర వేలు పెట్టి చదివింది. తన పేరు దగ్గర ఆగింది.

"పుస్తకం ఏదండీ?"

"లేదమ్మా. నేనే కాగితాల బండిలో వేయించాను. నాలుగూ ఒకటే అనుకున్నాను."

ఆమె రిజిస్టర్ తన వైపు లాక్కుంది.

"మీ కంప్యూటర్లో ఇప్పుడైనా మొత్తం ఎక్కించండి. నేను చదువుతాను."

ఆమె చదివింది. అతను రెండో గడి నింపాడు. కాపీలు ఎన్నని కంప్యూటర్ అడిగింది. సున్నా కొట్టాడు.

ఇందిర అరచేయి బల్లని రెండుసార్లు తట్టింది. పల్లవి వచ్చింది. మూడోసారి తట్టి, తర్వాతి మాట కోసం ఆగింది.

చెయ్యి అక్కడే ఉండిపోయింది.