కొమ్ము విరిచే చప్పుడు

పదేళ్ల కిందట, ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను హైదరాబాద్ నుంచి ఆర్మూర్ పసుపు యార్డుకు బదిలీ చేశారు. హోదా సీనియర్ అనలిస్టు. యార్డులో కొత్తగా తెరిచిన ల్యాబులో పసుపు తేమ, రంగు పరీక్షించి రిపోర్టు ఇవ్వడం నా పని. సీజన్ ముగిసేలోగా శాంపిళ్లు రాకపోతే ల్యాబు ఎత్తేస్తామని పై అధికారి ముందే చెప్పారు.

మూడు వారాలు ఒక్కరూ రాలేదు. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తీదారులందరికీ ఉత్తరాలు రాశాను. దుకాణాలన్నీ తిరిగి నా కార్డు ఇచ్చాను. మర్యాదగా తీసుకుని పక్కన పెట్టారు.

ఒకరోజు ల్యాబుకు తాళం వేసి, యార్డులో అందరికంటే పాత అడ్తీదారు రాజన్న సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. బాగా ఎండిన కొమ్ము ఖంగుమంటుంది, తేమ ఉంటే చప్పుడు మందంగా వస్తుంది. నా యంత్రం మాట ఎత్తకుండా ఆ విద్య నేర్పమని అడిగాను. 

"ఇన్నేండ్లల్ల ఏ ఆఫీసరూ గిది అడగలే మేడం. కూసోండ్రి," అన్నారు.

ఆ వారమంతా రోజూ వేలానికి ముందు గంటసేపు అక్కడే కూర్చున్నాను. మొదటి రోజు పది కొమ్ముల్లో ఆరు తప్పు చెప్పాను. హమాలీలు పడిపడి నవ్వారు, నేనూ నవ్వాను. శనివారానికి తప్పు ఒకటే.

మరుసటి వారం కమ్మర్‌పల్లి రైతు నర్సవ్వ లాట్ దగ్గర పేచీ వచ్చింది. కొనుగోలుదారు బస్తాలో చెయ్యి పెట్టి పచ్చిగా ఉందన్నాడు. పైన మంచు పట్టింది తప్ప లోపల ఎండే ఉందని రాజన్న సేటు అన్నారు. అతను ఒప్పుకోలేదు. సరుకు వెనక్కి తీసుకుపోయి మళ్లీ ఆరబెట్టాలంటే నర్సవ్వకు వారం పని. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సేటు నా వైపు తిరిగారు.

"మేడం, గీ లాట్ జర మీరు సూడుండ్రి."

శాంపిల్ తీయడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి బస్తా పైన, మధ్యన, అడుగున కొద్దికొద్దిగా తీసి కలపాలి. ఆ కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటినే ఉంచుకోవాలి. శాంపిల్ తగినంత చిన్నదయ్యేదాకా అలాగే చేసి పొడి కొట్టాలి. రెండు గంటలు పట్టింది. నర్సవ్వ ల్యాబు గుమ్మం దగ్గరి నుంచి కదల్లేదు. తేమ పరిమితికి లోపలే ఉంది. కొనుగోలుదారు రిపోర్టు చదివి, తానూ ఒక కొమ్ము విరిచి చూసి, సరేనన్నాడు.

"మా మనవరాలు పదో తరగతి రిజల్టు వచ్చిన దినం గూడ గింత భయపడలే," అని నర్సవ్వ నవ్వింది. యార్డంతా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే సేటు నన్ను వెంటబెట్టుకుని దుకాణం దుకాణం తిప్పారు. కార్డు అవసరం లేకపోయింది. "మన దగ్గర పని నేర్చుకున్న మేడం," అని పరిచయం చేశారు. నెల తిరక్కుండా ఆయన లాట్‌నే తేమ ఎక్కువని తిప్పి పంపాల్సి వచ్చింది. మెరుగు పెట్టిన కొమ్ము చెవిని కూడా మోసం చేస్తుందని ఆయనే అందరికీ చెప్పి, శాంపిళ్లు రెట్టింపు పంపారు. ల్యాబు నిలిచింది.

తరువాతి రెండు పోస్టింగుల్లో మొదటి వారం నా పని గురించి ఎవరికీ చెప్పలేదు. అక్కడివాళ్లను వాళ్ల పని చూపించమన్నాను. వృత్తిలో నాకు పనికొచ్చిన పరిచయాలన్నీ అలా అడిగి సంపాదించినవే.