బంచరాయి మీద ఎడ్లూ ఇర్రులూ

1963 డిసెంబరు ఎనిమిదో తేదీ, ఆదివారం, ఉదయం ఏడున్నర గంటలకు నేను నా జీవితంలో మొదటిసారి ఛాయాచిత్రాలు తీశాను. ఆ వేళ ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, వాటిలో ఒకదాని వెనుక దాన్ని నా చేతిరాతతోనే రాసుకొని ఉండటం; మొన్న మా మనవరాలు ఆదిలాబాదు జిల్లాలో మా ఊరున్న బోథ్ వైపు వెళ్లి, తన ఫోనులో తీసుకొచ్చిన గడ్డినేల బొమ్మలను చూపినప్పుడు, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ పాత బొమ్మను వెదికి తీసి ఆమె ఫోను పక్కన పెట్టాను.

ఆ నేల మా ఊరి బంచరాయి, అంటే ఊరందరి పశువులూ మేసే ఉమ్మడి బీడు. చలికాలానికి గడ్డి నడుమెత్తు ఎదిగి, ఎండి, పొద్దుటి ఎండలో ఇత్తడిలా మెరిసేది. అందులో లేళ్ల మందలూ, మెలితిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో వాటిని కాచుకునే ఇర్రులూ తిరిగేవి. ఆ ఏడు కోతలయ్యాక, అది ఎవరికీ అక్కరకు రాని పడావు భూమి గనుక దున్నుకోవడానికి బయటి ఊళ్లవాళ్లకు ఇచ్చేస్తారని డప్పు వేసి చాటించారు. అభ్యంతరముంటే విచారణకు వచ్చే తహసీల్దారుకు చెప్పుకోవాలి. ఆ మేత పోతే సగం ఇళ్లలో ఎడ్లు నిలవవని ఊరికి తెలుసు, ఊళ్లో బి.ఏ. చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆ భారం నా భుజాన పడింది.

చదువుకున్నవాడి ఆలోచన నాది. ఆ నేల అందాన్ని కళ్లారా చూస్తే ఏ అధికారికైనా నాగలి పెట్టించడానికి మనసొప్పదనుకున్నాను. ఆదిలాబాదులో నేను బడిపంతులుగా అద్దెకుంటున్న ఇంటి కింద ఫొటో స్టూడియో నడిపే చాచా, పన్నెండు బొమ్మల రీలు వేసి తన కెమెరా నా చేతిలో పెడుతూ, “సూర్యుడు నీ ఈపెన్క ఉండాలె బేటా, జర సబర్ పట్టు, జింక నీ నౌకరు కాదు,” అని మరీ మరీ చెప్పాడు.

చెప్పినట్టే ఓపికగా సబరు పట్టాను. ఖాళీ గడ్డిని మొదట ఒక ఫొటో తీసి, తడి నేల మీద బోర్లా పడుకొని, ఒక ఇర్రి తల ఎత్తుకొని నెమ్మదిగా దగ్గరికి వస్తుంటే ఊపిరి బిగబట్టాను. అంతలో వెనుక గజ్జెల చప్పుడు! ఎడ్లను అలంకరించే పొలాల అమావాస్య పోయి మూడు నెలలు దాటినా, ఫొటో తీస్తున్నారంటే పండుగే కదా అని ఊరంతా ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, వీపుల మీద జూలు గుడ్డలు కప్పి, మెడలకు గజ్జెలు కట్టి తోలుకొచ్చింది. ముందు మా బాపు, కొత్త రుమాలు చుట్టుకొని. జింకలు గాలిలోకి ఎగిరి మాయమయ్యాయి.

నా ముఖం చూసి మా మేనత్త నవ్వింది. “జింకలకు ఫొటువ ఏంది కొడుకా? అవేమన్న మేత పన్ను కడ్తున్నయా? మా ఎడ్లు రాముడు, లచ్చుమడు సూడు, పెండ్లికొడుకుల లెక్క లేరూ!”

కోపంతో అందరినీ వెనక్కి పంపేద్దామనుకున్నాను. కానీ బాపు అప్పటికే ఎద్దు పక్కన కదలకుండా, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. కాదనలేక మిగతా రీలంతా వాళ్లకే ఖర్చుచేసి, ఊరి పని చెడగొట్టానన్న దిగులుతో ఆదిలాబాదు చేరి, చాచా కడిగిచ్చిన బొమ్మలను సరిగా చూడకుండానే కాగితంలో చుట్టి విచారణకు పట్టుకెళ్లాను.

మా ఊరి బడి వరండాలో కూర్చున్న తహసీల్దారు మొదటి బొమ్మను, నేను అంత ప్రేమతో తీసిన ఖాళీ గడ్డిని, చూసి పక్కన పెట్టేశాడు. “ఇందులో ఏముంది? పడావే కదా!” తరువాతి బొమ్మ దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగింది. బాపు వెనుక ఎడ్లు, వాటి వెనుక ఆవులు, కనుచూపు మేరా పశువులే. ఆ పశువుల నడుమ, మందకు అలవాటుపడినవి కాబట్టి కాస్త దూరం పోయి తిరిగొచ్చిన జింకలు, తల వంచి మేస్తున్నాయి. నేను కూడా వాటిని అప్పుడే చూశాను.

“ఇవన్నీ ఇక్కడే మేస్తాయా?” అని ఆయన అడిగాడు.

“మరి ఇండ్లళ్ల మేస్తయా సారూ?” అన్నాడు బాపు, ఎంతో వినయంగా. వరండా అంతా నవ్వింది, తహసీల్దారు సైతం. బంచరాయి ఊరి పశువుల మేతకే ఉంటుందని ఉగాదికి ముందే ఉత్తర్వు వచ్చింది.

మనవరాలి ఫోనులో నేను ఆనాడు తీయాలనుకున్న బొమ్మే ఉంది: ఇత్తడి గడ్డి, దగ్గరగా ఒక ఇర్రి, వెనుక ఆకాశం తప్ప మరేమీ లేదు. ఎంతో బాగుందన్నాను, మనస్ఫూర్తిగానే. ఆమె మాత్రం నా పాత బొమ్మను వెలుతురుకు పట్టుకొని, ముత్తాత రుమాలునూ అలంకరించిన ఆ కొమ్ములనూ చాలాసేపు చూసి, ఈసారి వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లి ఆ గడ్డిలో నిలబెట్టి తీస్తానంది.

ఆ ఉత్తర్వు తరువాతి ఏళ్లలో ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు పోయాయి. గడ్డి ఉంది.