అమ్మ రుచి చూసి చేర్పించిన కాలేజీ

మేము ఇంటర్ పాసైన రోజుల్లో కాలేజీని ఎంచుకోవడం ఇంకా ఇంత పెద్ద శాస్త్రం కాలేదు. ఇప్పటి తల్లిదండ్రులు వెబ్‌సైట్లు గాలించి, గుర్తింపులూ గ్రేడులూ సరిచూసి, ఫోన్లు చేసి మరీ తేల్చుకుంటున్నారు, సంతోషం. నన్నడిగితే (అడుగుతున్నారు కూడా, పాపం, నేను కాలేజీలో పాఠాలు చెబుతానన్న ఒక్క కారణానికి) నేనూ నాలుగు మంచి మాటలే చెబుతాను. పండగకో, ఫంక్షన్‌కో కాదు, క్లాసులు జరిగే రోజు చెప్పాపెట్టకుండా వెళ్లి చూడండి. ప్రిన్సిపాల్‌ని కాదు, గేటు బయట టీ తాగుతున్న పిల్లల్ని అడగండి. ల్యాబ్ ఉందా అని కాదు, ల్యాబ్ తాళానికి తుప్పు పట్టిందా అని చూడండి. అన్నీ ఆచరించదగ్గ సలహాలే. మా ఇంట్లో వీటిలో ఒక్కటి కూడా ఎవరూ ఆచరించలేదు.

మాది ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చేపల ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. అందుకని మా వైపు ఒక పద్ధతి ఉండేది. పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకుని చూడటానికి వచ్చినప్పుడు ముందు ఒక గ్లాసు నీళ్లు అడిగి తాగేవాళ్లు. పెళ్లికొడుకు తాగుబోతయితే ఎప్పటికైనా మారొచ్చు, బావి మారదు కదా. అమ్మది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె, పెన్న నీళ్లు తాగి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న సంబంధం చూడటానికి వచ్చిన రోజు మా నాయన తరఫువాళ్లు పొరుగూరి నుంచి మంచినీళ్లు తెచ్చి, కొత్త కుండలో పోసి, చల్లబరిచి ఇచ్చారట. తాత గ్లాసు దించకుండా తాగి అక్కడికక్కడే తాంబూలాలన్నాడు. పెళ్లయిన మర్నాడు అమ్మ చెంబెత్తి ఒక గుక్క తాగి, "ఇయ్యి కాళ్లు కడుక్కునే నీళ్లా?" అని అడిగిందట. "కాదు, తాగేవే" అన్నాడట నాయన. ఆ మాట అమ్మ మా నాయనకి జీవితాంతం గుర్తు చేస్తూనే ఉంది, నవ్వుతూనే.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా అమ్మకి కిడ్నీలు చెడిపోయాయి. నెల్లూరు డాక్టరు షుగరు వల్ల అన్నాడు. నాయన నమ్మలేదు. నీళ్ల వల్లే అన్నాడు. అంటే తన వల్లే అని అర్థం. ఆ డాక్టరే ఇంకో మాట కూడా చెప్పాడు: ఇకమీదట నీళ్లు కొలిచి తాగాలి. రోజంతటికీ కలిపి ఒక చిన్న చెంబు, అంతే. ఆ చెంబు అమ్మ మంచం పక్కన స్టూలు మీద ఉండేది, మందుసీసాలాగా.

ఇలాంటి సమయంలో నా ఎంసెట్ ర్యాంకు వచ్చింది. నా ర్యాంకుకి ఏ కాలేజీ కాదనేది కాదు, మంచి కాలేజీలు తప్ప. నా మనసంతా నెల్లూరు ఊళ్లో ఉన్న అద్దాల కాలేజీ మీద ఉంది (చదువు సంగతి తెలియదు, సినిమా హాళ్లకి నడిచి పోవచ్చు). కాలేజీలు చూసి రావడానికి నాయన కదిలాడు. వలల పని మానుకుని, ఉతికిన లుంగీ కట్టి, చేతిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ క్యాను పట్టుకుని. అదెందుకని అడిగితే, "బస్సు పోతాది, పద" అన్నాడు.

అద్దాల కాలేజీలో టై కట్టుకున్న ఒక సారు మమ్మల్ని తిప్పి చూపించాడు. ఉద్యోగాలు వచ్చిన పిల్లల ఫొటోలు గోడ నిండా ఉన్నాయి.

"అయ్యన్నీ మావోడు చూసుకుంటాడు గానీ సార్, నీళ్లు యాడొస్తాయి?" అన్నాడు నాయన.

"ప్రతి అంతస్తులో కూలర్ ఉందండీ. ప్యూరిఫైడ్ వాటర్."

"మిషను నీళ్లు యాడైనా ఒకటే గద సార్. మీ బోరు నీళ్లు చూపించండి."

టై సారు మర్యాదస్తుడు. తోటలో కుళాయి దాకా తీసుకెళ్లాడు. నాయన దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, పక్కనున్న క్రోటన్ మొక్కలో ఊసేశాడు. ఆ క్రోటన్ మొక్క స్థానంలో నేనుంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ తర్వాత క్యాను నింపాడు. "మా ఇంటామె చెప్పాల సార్" అని వివరణ ఇచ్చాడు.

బస్సులో నేను ఉండబట్టలేక, "నాయనా, నేను చదువుకోను పోతుండానా, కాపురానికి పోతుండానా?" అన్నాను.

"రెండూ ఒకటేరా. నాలుగేండ్లు ఉండాల గదా."

ఇంటికొచ్చాక అసలు పరీక్ష జరిగింది. అమ్మ ఆ రోజు చెంబులోంచి ఒక గుక్క తాగకుండా మిగిల్చుకుంది, కాలేజీ కోసం. క్యానులోంచి ఆ గుక్కెడు పోయించుకుని, నాలుక మీద నిలిపి, "వద్దు. ఇనప వాసన" అంది. అద్దాల కాలేజీ ఫెయిలైంది. ఇలా నాయనా నేనూ జిల్లాలో చాలా కాలేజీల గేట్లు తొక్కాం. మేం చూసి వస్తే, మంచం దిగలేని అమ్మ వాటికి మార్కులేసేది. గూడూరు వైపు కాలేజీ ఒకదాన్ని, "దీనికన్నా మనూరే నయం గదరా, ఫీజన్నా లేదు" అని కొట్టేసింది. నవ్వితే ఆయాసం వచ్చేది. అయినా నవ్వేది.

చివరికి వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఒక కాలేజీకి వెళ్లాం. మూడో అంతస్తు నుంచి ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి. గేటు ప్రిన్సిపాలే వచ్చి తీశాడు. అక్కడ నాయన కుళాయి నీళ్లు ఊయలేదు, మింగాడు. క్యాను మూత దాకా నింపాడు.

అమ్మ ఆ గుక్క తాగి చాలాసేపు కళ్లు తెరవలేదు. "మా ఊరి నీళ్ల మాదిరుండాయి" అంది. "ఈడే ఎయ్యండి వాణ్ణి."

"అమా, ఆ కాలేజీకి గోడలు కూడా సరిగ్గా లేవు మా" అన్నాను.

"గోడలు కట్టుకుంటార్లేరా. నీళ్లు కట్టుకోలేరు గదా." తర్వాత కొంచెం మొహమాటంగా, కొడుకుని కాదు, కొత్తవాళ్లని అడుగుతున్నట్టు, "శనివారం ఇంటికొచ్చేటప్పుడు ఈ క్యాను తెస్తావా అబయా?" అంది.

నాయన వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ ఆయన వెతుకుతున్నది నా కాలేజీ కాదని, నేను తేగలిగినంత దూరంలో ఒక మంచి బోరు అని నాకు అప్పటికి తెలిసింది. తాగేదే అంత కొంచెమైనప్పుడు ఆ కొంచెమైనా తియ్యగా ఉండాలి కదా. కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్‌గా ఆ కాలేజీ పెడితే, కంప్యూటర్ ముందున్నాయన నా మొహం చూసి, "ఫస్టేనా తమ్ముడూ? చివర్న కదా?" అని జాలిగా అడిగాడు.

ప్రతి శనివారం క్యాను మోశాను. కాలేజీలో నా పేరే క్యాను అయింది. బస్సులో కొత్త కండక్టరు ఎవరైనా వస్తే మూత తీయించి వాసన చూసేవాడు (సారా కాదని తేలాక నన్ను ఇంకా అనుమానంగా చూసేవాడు). ఇంటికెళ్లాక అమ్మ చదువు ఎలా ఉందని ఎన్నడూ అడగలేదు, బోరు ఎలా ఉందని అడిగేది. ఎండాకాలమైతే, "నీళ్లు అడుక్కి పోయినాయా?" అని బెంగపడేది. నాయనా అంతే. నేను ఏ బ్రాంచి చదువుతున్నానో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. నేనూ దాచి పెట్టలేదు, ఎవరూ అడగలేదు.

రెండో ఏడాది ఎండలు ముదరకముందే అమ్మ పోయింది. కర్మలన్నీ ముగించుకుని కాలేజీకి వెళ్లాను. ఆ శనివారం సాయంత్రం మా ఊరి స్టాపులో దిగాక చూసుకుంటే, చేతిలో నిండు క్యాను ఉంది. ఎప్పుడు నింపానో, ఎలా ఎక్కించానో గుర్తులేదు. నాయన ఎప్పటిలాగే ఎదురొచ్చాడు. క్యాను వైపు చూశాడు. నా చేతిలోంచి తీసుకుని ముందు నడిచాడు.

ఇంట్లో పెద్ద గ్లాసు తీసి, నిండా పోసుకుని, ఆగకుండా తాగాడు. ఇంత కాలంలో నేను మోసుకొచ్చిన నీళ్లు ఆయన ఒక్క చుక్క ముట్టడం చూడలేదు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని అడిగాడు:

"ఒరే, ఆ కాలేజీలో సదువు ఎట్ట చెప్తార్రా?"

"బాగా చెప్తారు నాయనా" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ మాటను నిజం చేద్దామని మిగతా రెండేళ్లూ రేయింబవళ్లు చదివానని రాస్తే బాగుంటుంది గానీ, అంత లేదు. పాసయ్యాను. ఆ సోమవారం మాత్రం తల దువ్వుకుని వెళ్లి, పుస్తకం తెరిచి, మొట్టమొదటిసారి ముందు బెంచీలో కూర్చున్నాను. లెక్చరర్ గారు రాలేదు. క్లాసంతా క్యాంటీన్‌కి పోయింది. క్యాను అనే ఆ పిచ్చి కుర్రాడు మాత్రం గంట కొట్టేదాకా ఖాళీ బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.