క్రేన్ అప్పారావు మామోగ్రామ్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను సింగపూర్‌లోని హౌగాంగ్‌లో ఒక ఇమేజింగ్ సెంటర్‌కి సీనియర్ రేడియోగ్రాఫర్‌గా వేశారు. రొమ్ము పరీక్షల విభాగం నాది. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయడం వరకే మా పని. చదివి రిపోర్టు ఇచ్చేది రేడియాలజిస్టు. ఏం కనబడినా రోగి దగ్గర మేం నోరు విప్పకూడదు.

ఒక ఉదయం అప్పారావు అనే ఆయన వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, షిప్‌యార్డులో క్రేన్ సూపర్‌వైజరు, నలభై దాటాయి. ఎడమ చనుమొన వెనక బిళ్లలా గట్టిగా తగులుతోందని డాక్టరు పంపించాడు. గులాబీ రంగు గౌను చేతికిస్తే బిత్తరపోయాడు.

"ఛాతీ ఫొటో అన్నారు. ఇదేటి మేడమ్, ఆడోళ్ల మిషను కదా!"

మగవాళ్లకీ అక్కడ కాస్త రొమ్ము కణజాలం ఉంటుందని, అరుదుగానైనా కాన్సర్ వస్తుందని చెప్పాను. ఆ మాటతో పాలిపోయి, గౌను తొడుక్కుని బయట కూర్చున్నాడు.

పక్కనున్న చైనీస్ ఆంటీ, భార్య కోసం వచ్చావా అని అడిగింది. "నో ఆంటీ. మీ ఓన్లీ" అని తన ఛాతీ చూపించుకున్నాడు. ఆమె దగ్గరికి జరిగి, "ఫస్ట్ టైమ్ ఆ? డోంట్ స్కేర్డ్ లా. స్క్వీజ్ ఓన్లీ" అని ధైర్యం చెప్పింది. ఎదురుగా ఉన్న మలయ్ ఆంటీ ఊపిరి ఎలా బిగబట్టాలో చూపించింది. నేను పిలవడానికి వెళ్లేసరికి ముగ్గురూ బుగ్గలు పూరించి సాధన చేస్తున్నారు.

మగవాళ్లకి మామోగ్రామ్ తీయడం కొంచెం కష్టం. రెండు పలకల మధ్య పట్టేంత ఉండదు, ఛాతీ కండను కూడా కలిపి ముందుకు లాగాలి. అప్పారావు రెండుసార్లు జారిపోయి మూడోసారి చిక్కాడు. ఊపిరి బిగబట్టమన్నాను. ఫొటో తీసి పలక వదిలాక చూస్తే ఇంకా బిగబట్టే ఉన్నాడు, మొహం కందగడ్డలా అయింది.

"వదలండి!" అని అరిచాను.

"మీరు చెప్పీదాకా వదలొద్దని ఆంటీ అంది" అన్నాడు రొప్పుతూ.

తర్వాత రేడియాలజిస్టు నా ఎదుటే అల్ట్రాసౌండ్ కూడా చేసి, కాన్సర్ కాదు, గైనకోమాస్టియా అన్నాడు. అంటే హార్మోన్ల తేడా వల్ల ఆ కణజాలమే పెరగడం. అప్పారావు మంచం మీదే రెండు చేతులూ జోడించాడు. మందులేమైనా వాడుతున్నావా అని రేడియాలజిస్టు అడిగితే లేదన్నాడు. పొడులు? లేదు. మూలికలు? లేదు. జుట్టుకి?

అప్పారావు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, మా ఆవిడకి తెలీదు. మరదలి పెళ్లి ఫొటోల్లో బాగుండాలని ఒక మాత్ర వేస్తన్నాను."

దానివల్లే కావచ్చని, పంపిన డాక్టరుతో మాట్లాడి ఆపెయ్యమని రేడియాలజిస్టు చెప్పాడు.

"ఆపితే జుట్టు సార్?"

బట్టతల రేడియాలజిస్టు వినబడనట్టు రిపోర్టులో మునిగిపోయాడు.

మాత్ర ఆపాక కొన్నాళ్లకి బిళ్ల కరిగిందని, పెళ్లికి తలపాగా చుట్టుకున్నానని ఫోన్ చేసి చెప్పాడు.

ఆ తర్వాత నేను ఏ మగ రోగినీ మందులు వాడుతున్నారా అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. జుట్టుకేమైనా వాడుతున్నారా అని విడిగా అడిగేదాన్ని. జుట్టు మాత్రను ఎవరూ మందుల్లో లెక్కెయ్యరు.