ఎనిమిది వందల యాభై మీటర్ల కారు

2018 జూన్ 11, సోమవారం, ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు మా అక్క మోకాలు ఇక నా వల్ల కాదని చెప్పేసింది. అప్పటికి నాకు అరవై మూడేళ్లు. ఆ పడుచు వయసులో మనిషికి ఎంత ధీమా ఉంటుందో, ఇప్పుడు డెబ్బై ఒకటిలో కూర్చుని తలచుకుంటే నవ్వొస్తుంది. లెక్క సరిగ్గా వేస్తే ఏ పనీ చెడదని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదిలో ముప్పై మూడేళ్లు మాత్రలు లెక్కపెట్టి, గడువు తేదీలు చూసి, ఒక్క సీసా తేడా రాకుండా తాళాలు అప్పగించి వచ్చినదాన్ని. అలాంటిదాన్ని ఒక పాత చిన్న కారు ఎంచుకోలేనా అనుకున్నాను. ఎంచుకున్నాను కూడా.

శ్రీకాకుళంలో మా గేటు నుంచి మా బాప్టిస్టు చర్చి మెట్ల దాకా ఎనిమిది వందల యాభై మీటర్లు. (టేపు పట్టి కాదు, అడుగులు లెక్కపెట్టి చెబుతున్నాను. రెండుసార్లు నడిచాను, తేడా ఆరు అడుగులు.) అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక నేనే ఆవిడ దగ్గరికి చేరాను. నలభై ఏళ్లుగా ఆ చర్చిలో హార్మోనియం ముందు కుర్చీ ఆవిడది. పొద్దున ప్రార్థనకు ఒకసారి, సాయంత్రం పిల్లలకు పాటలు నేర్పడానికి ఒకసారి వెళ్తుంది. హార్మోనియాన్ని మాత్రం అక్కడ వదలదు. ఎలుకలు తిత్తి కొరికేస్తాయని రోజూ సంచిలో మోసుకెళ్లి మోసుకొస్తుంది. మోకాలు పట్టేశాక ఆ బరువుతో నడక సాగలేదు. నా స్కూటీ ఎక్కమంటే, "ఒసే, ఎనక కూకొని నేను నిన్ను పట్టుకోవాలా, పెట్టిని పట్టుకోవాలా? అది సెప్పు ముందు" అంది. స్కూటీ తాళం తిరిగి మేకుకు తగిలించేశాను.

ఆటోవాళ్లు రామనేవారు. "మీరు ఎక్కి పెట్టి సర్దుకునేలోగా సర్చి వచ్చేస్తాది. ఇదేటి బేరమమ్మా?" అని మొహం మీదే అడిగేవారు. ఆదివారం మరీ కష్టం. ఆ రోజు సూర్యనారాయణస్వామి వారం కాబట్టి ఊళ్లో ఆటోలన్నీ తెల్లారేసరికి అరసవల్లి దారి పట్టేవి. మా ప్రభువుకూ ఆయనకూ ఒకే రోజు కుదరడంలో ఎవరి తప్పూ లేదు గాని, ఆటోల విషయంలో నష్టం మాత్రం మాకే. అలా అక్క వరుసగా మూడు ఆదివారాలు వెళ్లలేకపోయింది. నాలుగో వారం మా పాస్టరు, కుర్రవాడు, మంచివాడు, ఇంటికి వచ్చి, "వందనాలమ్మా. మీరేం ఇబ్బంది పడకండి. కీబోర్డు కొన్నాం. పాటలన్నీ పెన్ డ్రైవులో వేయించాం. బటన్ నొక్కితే చాలు" అని ప్రేమగా చెప్పి వెళ్లాడు. అక్క నవ్వుతూ గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, "నలభై ఏళ్లు వాయించినాను. ఆకరికి నేనూ బటనూ ఒకటే అయిపోనాం సూడు" అంది. మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేసింది. కుర్చీ పోతే అక్క ఏమవుతుందో నాకు ఆ కంచంలో కనబడింది. వెంటనే నోటుపుస్తకం తీశాను.

ముందు డ్రైవింగు నేర్చుకున్నాను. ముప్పై రోజుల శిక్షణ నాకు యాభై రెండు రోజులు పట్టింది. తర్వాత కార్ల వేట. మొదట చూసినది అరసవల్లిలో ఒక లాడ్జి యజమానిది. పెట్రోలు కారు, వెండి రంగు, తొమ్మిదేళ్లది. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఫలానా తేదీ వరకే చెల్లుతుందని ఉండటం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మందు సీసా మీద చీటీ చూసినట్టే ఉంది. ఆ పెద్దాయన ఏదీ దాచలేదు. "రోజూ లాడ్జి నుంచి గుడికి, గుడి నుంచి లాడ్జికి. అంతకుమించి ఎక్కడికీ ఎల్లనేదు. నాలుగేళ్లలో మూడు బేటరీలు మార్సినాను. దాసడమెందుకమ్మా?" అన్నాడు. నేను పుస్తకంలో 'బ్యాటరీలు మూడు. జబ్బు కారు' అని రాసుకుని నమస్కారం పెట్టి వచ్చేశాను. మా రోజువారీ ప్రయాణం ఎలా ఉండబోతోందో అంత వివరంగా చెప్పిన మనిషి మళ్లీ దొరకలేదు. నేను మాత్రం ఆయన కారుకు రోగం ఉందనుకున్నాను.

అప్పుడు సాలూరు బావ రంగంలోకి దిగాడు. మా మేనత్త కొడుకు. ఆ ఊళ్లో సగంమంది లాగే బావ బతుకంతా లారీలతోనే గడిచింది. ఫోనులో నేను పెట్రోలు కారు అనగానే, "ఏటే మరదలా, మతిగాని పోనాదేటి? పెట్రోలుది బండి కాదే, అగ్గిపెట్టి. డీజిలు బండి ఇక్కడ ఒకటుంది, కంట్రాకటరుది. బస్సెక్కి ఇద్దరూ వొచ్చీండి" అన్నాడు. వెళ్లాం. తెల్లకారు, ఏడేళ్లది, లోపల అగరొత్తుల వాసన. నేను ఇల్లూ చర్చీ మధ్య దూరం చెప్పబోతుంటే బావ వినలేదు. "బండి ఎలాటిదో మనం సెప్పకూడదు. ఘాటీ సెప్తాది" అన్నాడు. సాలూరు దాటితే ఒడిశా వైపు కొండదారి ఉంది. లారీ కొనేవాడెవడైనా బరువు వేసి ఆ కొండ ఎక్కించి చూస్తాడట. అదే పద్ధతిలో మా చిన్న కారులో నాలుగు బియ్యం బస్తాలు, ఒక లారీ టైరు, నన్ను, అక్కను ఎక్కించి మలుపుల మీద మలుపులు తిప్పాడు. లారీ టైరు నా ఒడిలోనే ఉంది. అక్క దారి పొడవునా కీర్తనలు గొణుగుతూనే ఉంది. కారు మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు. పైకి చేరాక బావ దిగి బానెట్ మీద ఎద్దు వీపు తట్టినట్టు తట్టి, "సూసినావా? ఈ బరువుతో కోరాపుట్ ఎల్లి వస్తాది!" అన్నాడు. "మాకు చర్చి దాకా చాలు బావా" అన్నాను. "సర్చి ఎక్కడికి పోతాదే? బండి గురించి సెప్తన్నాను" అన్నాడు.

అలా కొన్నాం. డీజిలుకు మైలేజీ ఎక్కువని నేను పుస్తకంలో సంతోషంగా రాసుకున్నాను. మిగతా లెక్క కొన్నాక వేశాను. పెట్రోలు కారు మీద అరవై వేలు ఎక్కువ పెట్టాం. మేం తిరిగే తిరుగుడుకు ఆదా నెలకు రెండు వందల ఇరవై. పెట్టిన ఎక్కువ డబ్బు రాబట్టుకోవడానికి ఇరవై రెండేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. అప్పటికి నాకు ఎనభై ఆరు, అక్కకు తొంభై నాలుగు. ఆ పేజీని అక్కకు చూపించలేదు.

ఏమైతేనేం, అక్క తిరిగి కుర్చీలో కూర్చుంది. పక్కనే కీబోర్డు కూడా ఉంది, గుడ్డ కప్పుకుని, ఈవిడ ఏ రోజు రాకుండా పోతుందా అని చూస్తున్నట్టు. నేను రోజూ రెండుసార్లు తీసుకెళ్లి తెచ్చేదాన్ని. మా దారికి రెండో గేరు చాలు. మూడోది ఉందని తెలుసు గాని, దానితో నాకు పని పడలేదు. జనవరిలో ఒక పొద్దున కారు 'టక్' అని ఊరుకుంది. మా వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్కు కొత్త బ్యాటరీ వేసి, మేం రోజూ ఎంత దూరం తిరుగుతామో అడిగాడు. చెప్పాను. మీటర్లతో సహా. అతను స్పానరు కింద పెట్టేశాడు.

"అమ్మా, బండికి రోగం నేదు. టార్టు చేసినపుడల్లా బేటరీ సచ్చేటంత పని చేస్తాది. మళ్లీ నిండాలంటే బండి అరగంటైనా పరిగెత్తాల. మీరేటో మూడు నిముసాలకే పీక నొక్కేస్తన్నారు. వారానికోసారి ముప్పై కిలోమీటర్లు తోలండి. తోలకపోతే ఇదీ పోతాది, సెప్తన్నాను."

అరసవల్లి పెద్దాయన మూడు బ్యాటరీలు అప్పుడు నాకు అర్థమయ్యాయి. మోతాదు కూడా పుస్తకంలో రాసుకున్నాను. వారానికి ఒకసారి, ముప్పై కిలోమీటర్లు. (ఎంతమందికి చీటీలు చదివి, 'మానకుండా వాడండి' అని చెప్పానో!) కాని నేను మాత్రం వాడలేదు. పని లేకుండా ముప్పై కిలోమీటర్లు పోయి ఊరికే తిరిగి రావడం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. బజారుకు రెండు చుట్లు ఎక్కువ తిప్పితే సరిపోతుందిలే అనుకున్నాను. రోగులందరూ అనుకునేది కూడా అదే.

ఆ ఏప్రిల్లోనే మట్టల ఆదివారం వచ్చింది. ఆ పొద్దున మావాళ్లంతా తాటి మట్టలూ కొబ్బరి మట్టలూ పట్టుకుని పాటలు పాడుతూ వీధులు తిరిగి చర్చికి చేరతారు. అక్క అంతకుముందే వెళ్లి కుర్చీలో సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు బటన్ నొక్కుతారు. ఆరున్నరకు హార్మోనియంతో అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టి, కారు వెనక్కి తీసి వీధి మధ్యకు తెచ్చి ఆపేశాను. ఆపేశానంటే నేను కాదు, అదే ఆగింది. తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. ఈసారి టక్ కూడా లేదు. వెనక నుంచి ఊరేగింపు వచ్చేసింది. మా వీధి ఇరుకు. అరవై మంది మట్టలతో సహా మా డిక్కీ దగ్గర ఆగిపోయారు. ఎవరో "తొయ్యండ్రా!" అన్నారు. మట్టలు చంకలో పెట్టుకుని పది మంది తోయడం మొదలుపెట్టారు. పాట ఆగలేదు గాని, పాడైంది. తోసేవాళ్లు ఒక చరణంలో ఉంటే వెనకవాళ్లు ఇంకో చరణంలో ఉన్నారు. అక్క నాలుగు ఇళ్లు దాటేదాకా ఓర్చుకుంది. తర్వాత ఇటూ అటూ అద్దాలు దింపి, ఒళ్లో పెట్టె తెరిచి, తిత్తి లాగి అందుకుంది. మూడు ఇళ్లు దాటేసరికి అరవై గొంతులూ ఒక దారికి వచ్చాయి.

తోసేవాళ్లలో ఒకడు నా కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, సెకండు గేరెయ్యి! క్లచ్చు వొదిలీ! టార్టయిపోతాది!" అని అరిచాడు. రెండో గేరు నాకు రాదా? చెయ్యి వేశాను. వెనక నుంచి అక్క నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"ఎయ్యకే! పాట సగంలో ఉన్నాది!"

వేయలేదు. ఎనిమిది వందల యాభై మీటర్లూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. చర్చి ఆవరణలోకి మలుపు తిప్పుతూ ఎడమవైపు అద్దాన్ని స్తంభానికి సమర్పించాను. లోపలికి చేరాక అలవాటు ప్రకారం ఎవరో కీబోర్డు బటన్ నొక్కారు. అది తన శ్రుతిలో, తన వేగంలో మొదలుపెట్టింది. వీధి పొడవునా అక్క శ్రుతిలో కుదురుకున్న గొంతులు అక్కడికి ఎక్కలేదు. ఎక్కే ప్రయత్నం కూడా ఎవరూ చేయలేదు. పాస్టరు ఒక నిమిషం విని, తనే వెళ్లి దాన్ని ఆపి, అక్కకు కుర్చీ జరిపి, "కానీండమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఏడాది మట్టల ఆదివారానికి కారు తెమ్మని సంఘమే అడిగింది. అంతే కాదు, "స్టార్టు చెయ్యకండి, మేమే తోస్తాం" అని కూడా చెప్పారు. (ఆ ఏడాది లాక్‌డౌన్ వచ్చి కుదరలేదు. తర్వాత ప్రతి ఏడూ తోస్తున్నారు.)

మొదటిసారి తోయించుకున్న ఆ వారం శనివారమే, ఇంకో బ్యాటరీ వేయించి, నేను మందు వాడటం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం తర్వాత కళింగపట్నం. నలభై ఏళ్లుగా ఈ జిల్లాలో ఉంటూ మేం ఇద్దరం కలిసి సముద్రం చూడలేదని దారిలో తెలిసింది. ఎండు చేపల వాసన తగలగానే అక్క ముక్కు మూసుకుని, అర కిలో కొనిపించింది. అక్కడికి వెళ్లే దారిలోనే మూడో గేరు, నాలుగో గేరు కూడా పరిచయమయ్యాయి. అక్క కాళ్లు తడుపుకుంటూ, "బండి బేటరీ నిండిందేటి?" అని అడిగింది. "ఇంకో పావుగంట ఉండాలి" అన్నాను. నిండి చాలాసేపయింది. ఆవిడకూ తెలుసు.

పని లేని ప్రయాణం దండగని పుస్తకంలో గట్టిగా గీత గీసి రాసిన ఆ అరవై మూడేళ్ల పిల్లను ఇప్పుడు చూస్తే ముచ్చటేస్తుంది. తెలివైనదే పాపం. ఇంకా చిన్నతనం. అక్కకు డెబ్బై తొమ్మిది. ఈ పొద్దున కూడా దింపి వచ్చాను.

ఇంతవరకు పోయినవి: బ్యాటరీలు రెండు. ఎడమవైపు అద్దం ఒకటి. అలకు కొట్టుకుపోయిన అక్క చెప్పు ఒకటి, కుడికాలిది. శనివారం మధ్యాహ్నపు నిద్రలు, లాక్‌డౌన్ రోజులు తీసేయగా, మూడు వందల పదకొండు.