పలకని చేప, బుసకొట్టే కారు

ఎవుస్తాకియో చెవి పెట్టి వినకుండా ఏదీ కొనడు, ఏదీ అమ్మడు.

పుచ్చకాయని తట్టి వినడం అందరూ చేసే పనే. ఎవుస్తాకియో చెప్పులు కొన్నా ఒకదానితో ఒకటి కొట్టి వింటాడు. ఒకసారి గొడుగుని చెవి పక్కన తెరిచి మూసి, తెరిచి మూసి, "దీనికి జలుబు చేసింది" అని వెనక్కిచ్చేశాడు. తెక్లాని పెళ్లాడింది కూడా చర్చిలో ఆవిడ తుమ్ము విని. "ఎంత శుభ్రమైన తుమ్మురా!" అని పక్కనున్న సబీనోతో అన్నాడు. ఆ రోజు పాదిరీగారి ప్రసంగం ఒక్క ముక్క అతని బుర్రకెక్కలేదు.

మెకానిక్ సబీనో అతనికి చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. అయినా ఎవుస్తాకియో చేపలమ్మే బల్ల దగ్గర నిలబడ్డప్పుడల్లా కొత్తగా నోరు తెరిచేవాడు. ఇటలీలోని ఈ బారీ రేవులో ఎవరైనా చేపకి కళ్లు చూస్తారు, మొప్పలు చూస్తారు. ఎవుస్తాకియో బుట్టలోకెల్లా నిగనిగలాడే చేపని ఏరి, చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటాడు.

"ఊహూ. ఇది పలకడం లేదు" అని పక్కన పడేస్తాడు.

"అయ్యో, అది నాకివ్వవయ్యా!" అని కొనేవాళ్లు అంగలార్చేవారు.

"మూగచేప నేనమ్మను. నాకూ ఒక పేరుంది."

ఇతగాడికి ఒక పాత ఎర్ర కారుంది. దాని వేగానికి పోలీసులు వెంటపడేవారో లేదో గానీ, వాసనకి పిల్లులు వెంటపడేవి. దానికి సబీనో సూపర్‌చార్జర్ బిగించాడు. అది బెల్టు మీద తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుక్కే పంపు. డ్రైవరు యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే గాలి దారి మూసుకుంటుంది, పంపు మాత్రం తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడి వదలడానికి, కుక్కరుకి విజిల్ ఉన్నట్టు, ఒక వాల్వు ఉండాలి. ఎవుస్తాకియో వాల్వు గాలిని బయటికే వదిలేది. మధ్యాహ్నం చేపల బల్ల కట్టేసి ఇంటికి పోతూ, సరిగ్గా సబీనో షెడ్డున్న మేడ ముందు కాలు తీసేవాడు.

"ప్ష్ష్ష్!"

బారీలో ఆ వేళ కుక్క కూడా మొరగదు. ఊరంతా తిని, తలుపులు బిగించి పడుకుంటుంది. సబీనో కూడా షట్టరు దించి గుర్రుపెట్టేవాడు. మొదటి అంతస్తులో ఉండే లెక్కల లోరుస్సో మాత్రం ఒకనాడు మంచం మీంచి కిందపడ్డాడు.

"ఇంకొక్కసారి ఆ బుస వినబడిందో, నీ షెడ్డుకి తాళం వేయిస్తా! బిగించింది నువ్వేగా?" అన్నాడు సబీనోతో.

వేయించగలడు. చర్చి గంట మీద ఫిర్యాదు పెట్టి గెలిచిన ఘనుడు.

సబీనో వెంటనే బల్ల మీద వాల్వులు పరిచి ఎవుస్తాకియోని పిలిపించాడు.

"ఇదిగో, నీ కారుకి తగింది ఇది. వదిలిన గాలిని మళ్లీ పంపు నోట్లోకే పంపుతుంది. స్ప్రింగు మెత్తన, కారు ఆగి ఉన్నప్పుడూ తెరుచుకునే ఉంటుంది, పంపు ఊరికే వేడెక్కదు. నీ పాతది ఇంజను కొలిచి పెట్టుకున్న గాలిని బయట పారబోస్తోంది. అందుకే సిగ్నల్ దగ్గర నీ బండి చచ్చిపోతోంది."

ఎవుస్తాకియో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, గొట్టంతో గాలి ఊదించుకుని విన్నాడు.

"మాట్లాడదేం?"

"మాట్లాడకపోవడమే దాని గొప్ప."

"మాట్లాడని వాల్వు నాకెందుకురా?"

"నా షెడ్డు నాకు కావాలి గనక!"

గంటసేపు పోట్లాట తప్పదని సబీనో చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాడు. ఎవుస్తాకియో చావు కబురు విన్నవాడిలా తలొంచుకుని, "సరే, బిగించెయ్" అన్నాడు. సబీనో కంగుతిన్నాడు.

మర్నాడు లోరుస్సో హాయిగా నిద్రపోయాడు. సాయంత్రం ఎవుస్తాకియో షెడ్డుకొచ్చాడు.

"పాతది ఇచ్చెయ్యరా."

"కారు సరిగ్గా నడవట్లేదా?"

"బ్రహ్మాండంగా నడుస్తోంది."

"మరేం రోగం?"

ఎవుస్తాకియో మెల్లగా జారుకున్నాడు. వీడు దొంగచాటుగా ఇంకో వాల్వు తగిలిస్తాడని సబీనోకి అనుమానమొచ్చింది. మర్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మధ్యాహ్నం నిద్ర మానుకుని, షట్టరు సందులోంచి కాపు కాశాడు.

కారు చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆగింది. ఎవుస్తాకియో కాగితం పొట్లంతో దిగాడు. మూడో అంతస్తుకేసి తలెత్తి, బుగ్గలు పూరించి, నోటితోనే "ప్ష్ష్ష్!" అన్నాడు.

సబీనోకి మతిపోయింది. కారు బుసకొట్టడం మానేసిందని వీడే కారైపోయాడు!

"ప్ష్ష్ష్ష్ష్!" ఈసారి ఎవుస్తాకియో మొహం కందగడ్డయింది.

లోరుస్సో కిటికీ ధడాలున తెరుచుకుంది. సబీనో షట్టరెత్తి వీధిలోకి ఉరికాడు.

"ఏంట్రా ఇది, నడివీధిలో!"

"మూడో అంతస్తు నున్సియాత పిన్నికి వినబడట్లేదురా" అన్నాడు ఎవుస్తాకియో, ఏడుపొక్కటే తక్కువ. "తలుపు బాదినా వినబడదు, ఫోను మోగినా వినబడదు. ఆ బుసొక్కటే ఆవిడ చెవికెక్కేది. అది వినగానే చేప కోసం కిటికీలోంచి తాడుతో బుట్ట దించేది. నువ్వు ఈ మూగది బిగించాక బుట్ట దిగలేదు."

పొట్లం విప్పి ఉంది. లోపల నిగనిగలాడే చేప. సబీనో దాన్ని గుర్తుపట్టాడు.

"ఒరేయ్! పొద్దున ఇది పలకలేదన్నావు కదరా!"

"అరవకురా బాబూ! అమ్ముడుపోయే చేపని ఊరికే ఇస్తే ఆవిడ ముట్టదు, పౌరుషం మనిషి. పారేసే చేప అని చెప్పి ఇస్తున్నా."

సబీనో నోరు తెరిచాడు. పైన కిటికీలో లోరుస్సో నోరు కూడా తెరుచుకునే ఉంది. తిట్టడానికి తెరిచి, మూయడం మరిచిపోయాడు.

"ఆ బుస రోజుకి ఒక్కసారేగా?" అన్నాడు లోరుస్సో చివరికి.

"ఒక్కసారేనండీ. పొట్టిగా."

"పొట్టిగా వద్దు. ఆవిడకి వినబడకపోతే మళ్లీ నువ్వు నోటితో మొదలెడతావు. అంతకంటే వాల్వే నయం!" అని కిటికీ వేసుకున్నాడు.

ఆ సాయంత్రం సబీనో రెండు నోళ్లున్న వాల్వు తీశాడు. "సగం గాలి ఇంజనుకి, సగం నున్సియాతకి. సిగ్నల్ దగ్గర బండి కాస్త దగ్గుతుందేమో గానీ ఆగదు."

ఎవుస్తాకియో చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. "పలుకుతోందిరా!"

మర్నాడు మధ్యాహ్నం "ప్ష్ష్ష్!" అనగానే మూడో అంతస్తు తలుపులు తెరుచుకున్నాయి. బుట్ట దిగింది, చేప పైకెక్కింది. చెవిటివాళ్లకి లోకమంతా చెవుడే గనక, నున్సియాత గొంతు నిద్రపోతున్న వీధంతా మోగింది.

"ఇదీ పలకలేదా నాయనా?"

ఎవుస్తాకియో లేదన్నట్టు తల పైకెగరేసి, నాలుకతో టక్కుమనిపించాడు.

"చేపలన్నీ లక్షణంగా ఉంటున్నాయిరా! తేడా నీలోనే ఉంది. వెళ్లి ఎవరైనా డాక్టరుకి నీ చెవులు చూపించుకో!"