సాసర్‌లో ఆరబెట్టిన కర్బూజా గింజలు

యూనివర్సిటీ పార్కింగ్ స్టిక్కరు నా కారు అద్దాన్ని ఇంకా వదలలేదు. బ్లేడుతో గీకినా రాదు. రిటైరైన రోజున ఉద్యోగమే నన్ను ఇంతకంటే సులువుగా వదిలింది.

ఆ ఉద్యోగంలో ఉండగా, 1984 వేసవిలో, న్యూజెర్సీ నుంచి నన్నూ, మొక్కల తెగుళ్ల నిపుణురాలు డాక్టర్ విశాలాక్షిగారినీ చైనా పడమటి ఎడారికి పంపారు. బూడిద తెగులును తట్టుకునే కర్బూజా గింజలు తేవాలి. తేలేకపోతే కర్బూజా సెక్షన్ మూసేస్తామని మా హెడ్డు రాఘవయ్యగారు ముందే చెప్పారు. ఆ సెక్షన్‌లో ఉన్నది నేనొక్కణ్ణే.

పద్ధతి తేలిక. రోడ్డు పక్క కొట్టు దగ్గర జీపు ఆపి పండు కోయించాలి. రసం చుక్కను రిఫ్రాక్టోమీటరు అనే చేతిగొట్టంలో వేసి తీపి కొలవాలి. మిగిలిన పండు తినాలి. ఈ చివరి అంశంలో నా క్రమశిక్షణను ఎవరూ శంకించలేదు. ఆపైన గింజలు కడిగి, పాత పేపరు మీద నంబరు చీటీతో ఆరబెట్టి, కవర్లో వేయాలి.

పదకొండో రోజున ఒక ముసలాయన కొట్టు వెనక తోటంతా తెగులుతో తెల్లబడి ఉంది. ఒక్క తీగ మాత్రం పచ్చగా ఉంది. దానికి మిగిలిన ఆఖరి కాయను ఆయన మాకు అమ్మాడు. విశాలాక్షిగారు ఆకులు తిప్పి తిప్పి చూసి, ఇక ఇంటికి పోవచ్చన్నారు.

అంతటి గింజలను పాత పేపరు మీద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. హోటల్ వాళ్ల పూల సాసర్‌లో పోసి కిటికీలో పెట్టాను. చీటీ పెడితే పూలు కనబడవని పెట్టలేదు.

మర్నాడు భోంచేసి వచ్చేసరికి గదులు చూసే ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. అక్కడ వేయించిన గింజలు టీతో తింటారు. సాసర్‌లో ఉన్నాయంటే తినడానికేనని ఆవిడ అనుకుంది. వంటింట్లో ఉప్పేసి వేయించి తెచ్చింది. పేపరు మీద చీటీలతో ఉన్న మిగతా ముప్పై రకాలనూ ముట్టుకోలేదు. ఆవిడ కదలకుండా చూస్తుంటే మర్యాదకు ఇద్దరం నాలుగేసి నోట్లో వేసుకున్నాం.

"మీ కెరీర్ బాగా కరకరలాడుతోందండీ," అన్నారు విశాలాక్షిగారు.

ఆ ముప్పై రకాలూ మా గ్రీన్‌హౌస్‌లో మొలిచి, నెల తిరక్కుండా బూడిద పట్టాయి.

నమూనాకు విలువ చీటీతో వస్తుంది, పెట్టిన పాత్రతో కాదు. నేను నేర్చుకున్నది ఇంతే. రిపోర్టులో 'గింజల స్థితి' అన్న గడిలో 'వేయించినవి' అని ఉన్నదున్నట్టు రాశాను. రాఘవయ్యగారు ఆ గడి మీద వేలు ఆపి, కళ్లజోడు తీశారు.

"నెక్స్ట్ సీజన్ నుంచి మీరు టొమాటోలు చూడండి. వాటి గింజల్ని ఎవడూ వేయించుకు తినడు."